పగడాలే లేని ట్యాంకులో కేహెచ్ ఎక్కడికి పోతోంది?

ఉప్పునీటి ట్యాంకు కొత్తగా పెట్టినవాళ్లు దాదాపు అందరూ అడిగేది ఒకటే: రాళ్లకి ఆ ఊదారంగు ఎప్పుడొస్తుంది? నేను జవాబు చెప్పను, ఎదురు ప్రశ్న వేస్తాను. మీ కేహెచ్, అంటే సున్నం కట్టుకోవడానికి కావలసిన కార్బొనేట్ నీళ్లలో ఎంతుందో చెప్పే కొలత, వారానికి ఎంత పడుతోంది?

చాలామంది తెల్లమొహం వేస్తారు. పగడాలు ఇంకా పెట్టలేదు కదా, ఇప్పుడే కేహెచ్ చూడటం దేనికి అంటారు. పగడాలు పెట్టలేదు కాబట్టే చూడమంటాను. సున్నం వాడుకునే పగడం ఒక్కటీ లేని ట్యాంకులో కేహెచ్ నెమ్మదిగా, ఒకే తీరుగా దిగుతోందంటే, ఆ సున్నాన్ని ఇంకెవరో వాడుకుంటున్నట్టు. రాతి ముందువైపు చూస్తూ "ఇంకా రాలేదు, ఇంకా రాలేదు" అని మనం అనుకుంటున్న రోజుల్లోనే కోరలైన్, అంటే ఆ ఊదారంగు తెచ్చే గట్టి నాచు, రాళ్ల వెనక, పంపు కింద, సంప్ (ట్యాంకు కింద ఫిల్టర్లు పెట్టుకునే తొట్టి) గోడల మీద తన పని తాను చేసుకుపోతూ ఉంటుంది. కంటికంటే ముందు టెస్ట్ కిట్‌కి దొరుకుతుంది.

మా ట్యాంకు 200 లీటర్లది. అన్నీ డ్రై రాక్సే, అంటే జీవం లేని ఎండు రాళ్లే, ఒక జత క్లౌన్ చేపలు, కొన్ని నత్తలు. సైకిల్ (అమ్మోనియాని మార్చే బ్యాక్టీరియా కుదురుకునే దశ) అయిపోయి అమ్మోనియా, నైట్రైట్ సున్నాకి వచ్చాక కూడా కేహెచ్ ఒకచోట నిలబడలేదు. 8.2 డిగ్రీలు (ఇవి కేహెచ్ డిగ్రీలు, వేడివి కావు) ఉన్నది వారం తిరిగేసరికి 7.6. మళ్లీ పెంచితే మళ్లీ అంతే దిగింది. అది చూసి ఎగిరి గంతేయలేదు లెండి, ఎందుకంటే ఆ పడిపోవడానికి అనుమానించాల్సినవాళ్లు ఇంకో ఇద్దరున్నారు.

మొదటిది నైట్రిఫికేషన్. చేపల మేత నుంచి వచ్చే నత్రజని నైట్రేట్‌గా మారే క్రమంలో ఆమ్లం పుడుతుంది, అది కేహెచ్‌ని తినేస్తుంది. నైట్రేట్ 50 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు) పెరిగితే కేహెచ్ సుమారు 2.3 డిగ్రీలు తగ్గుతుంది. అంటే నైట్రేట్ కూడా పెరుగుతూ ఉంటే కోరలైన్‌కి ఆ ఘనత ఇవ్వకూడదు. రెండోది, జీవం ప్రమేయం లేకుండా కాల్షియం కార్బొనేట్ ఊరికే గడ్డకట్టి పేరుకోవడం. హీటర్ మీద, పంపు తిరిగే భాగంలో తెల్లటి గరుకు పొర కనిపిస్తే ఇదే. మెగ్నీషియం తక్కువున్న నీళ్లలోనో, కేహెచ్ మరీ ఎక్కువ పెట్టినప్పుడో వస్తుంది. మా ట్యాంకులో నైట్రేట్ కదల్లేదు, హీటర్ శుభ్రంగా ఉంది. ఇక మిగిలింది మూడో అనుమానితుడే.

మరి కేహెచ్ ఒక్కటే ఎందుకు, కాల్షియం ఎందుకు చూడకూడదు అని అడగొచ్చు. లెక్క చూడండి. కోరలైన్ అయినా పగడం అయినా కేహెచ్ 1 డిగ్రీ వాడుకుంటే దానికి జతగా కాల్షియం 7 పీపీఎం మాత్రమే వాడుకుంటుంది. 420 లోంచి 7 పోతే 413. ఇంట్లో వాడే కిట్ ఆ తేడా పట్టుకోలేదు, ఒక్క చుక్క అటూ ఇటూ అయితే అంతకంటే ఎక్కువే తేడా చూపిస్తుంది. అదే కేహెచ్ అయితే 8 నుంచి 7కి వస్తుంది, ఎవరికైనా తెలుస్తుంది. అందుకే నేను కాల్షియాన్ని నెలకోసారి చూస్తాను, కేహెచ్‌ని మాత్రం వదలను.

అసలు ఈ కోరలైన్ ఏమిటో కొంచెం. ఇది ఎర్ర నాచుల కుటుంబానికి చెందింది. మామూలు నాచులా మెత్తగా ఉండదు, తన కణాల గోడల్లో కాల్షియం కార్బొనేట్ నింపుకుని రాయిలా గట్టిపడుతుంది. అందులోనూ మెగ్నీషియం ఎక్కువగా కలిసిన కాల్సైట్ అది. దీన్ని చూసి మొక్క అనుకోవడం ఎంత కష్టమంటే, 1758లో లిన్నేయస్ దీని జాతినొకదాన్ని జంతువుల వైపే చేర్చాడు. గట్టి పొరలా పెరిగే రకాలు మొక్కలేనని ఫిలిప్పీ 1837లో తేల్చేదాకా ఆ గందరగోళం పోలేదు. ఆ రంగు సంగతికొస్తే, ఫైకోఎరిత్రిన్ అనే వర్ణకం వల్ల వస్తుంది. నీలం, ఆకుపచ్చ కాంతిని అది పీల్చుకుంటుంది. లోతుల్లోకి దిగగలిగేది ఆ కాంతే కాబట్టి కోరలైన్ మిగతా నాచులు బతకలేని చోట కూడా బతుకుతుంది. బహామాస్‌లో శాన్ సాల్వడార్ దీవి దగ్గర 268 మీటర్ల లోతున ఒక కోరలైన్ దొరికిన సంగతి 1985లో ప్రచురించారు. మన ట్యాంకులో రాతి కింద నీడలో, సంప్‌లో మసక చీకట్లో ముందుగా ఎందుకు కనిపిస్తుందో ఇప్పుడు అర్థమవుతుంది కదా.

విత్తనం లేనిదే పంట లేదు, ఇది కూడా అంతే. డ్రై రాక్ మీద ఏమీ ఉండదు. నీళ్లలో కాల్షియం ఎంత పోసినా శూన్యంలోంచి కోరలైన్ పుట్టుకురాదు. లైవ్ రాక్‌తో, అంటే సముద్రజీవాలు పట్టి ఉన్న రాళ్లతో, మొదలుపెట్టినవాళ్లకి ఈ బాధ లేదు. మనలాంటివాళ్లకి ఎక్కడినుంచో రావాలి, నా అనుభవంలో అది ఎక్కువగా వచ్చేది నత్త గుల్లల మీద. పాత ట్యాంకులో ఉన్న ట్రోకస్ నత్తనో టర్బో నత్తనో తెచ్చుకుంటే దాని వీపు మీద ఊదారంగు పెంకు దానంతటదే వస్తుంది. పగడాల ముక్కలు అతికించే ప్లగ్గులు, వాటి పక్కన గులాబీ మచ్చలు, అవీ విత్తనమే.

వీటన్నిటికంటే మేలైన మార్గం, ఏళ్ల తరబడి నడుస్తున్న ట్యాంకు ఉన్న స్నేహితుణ్ని పట్టుకోవడం. వాళ్లకి అది తలనొప్పి, అద్దం మీంచి గీకి పారబోస్తుంటారు. ఆ గీకిన పొడి అడగండి. తెచ్చేటప్పుడు ఆ ట్యాంకు నీళ్లలోనే ఉంచి తేవాలి, ఎండిపోతే చచ్చిపోతుంది. ఇంటికొచ్చాక స్కిమ్మర్ (నురగతో మురికి తీసే యంత్రం), ఫిల్టర్ సాక్ (నీళ్లు వడగట్టే సంచి) కాసేపు ఆపేసి, వేవ్‌మేకర్ (ప్రవాహం పుట్టించే పంపు) ముందు కొంచెం కొంచెంగా వదిలితే రాళ్ల సందుల్లోకి వెళ్లి కూర్చుంటుంది. ఒక్క జాగ్రత్త: ఆ పొడితోపాటు ఐప్టేసియా (కలుపులా పెరిగే సీ అనిమోన్), బబుల్ ఆల్గే (బుడగల్లా ఉండే నాచు) కూడా వచ్చే అవకాశం ఉంది. స్నేహితుడి ట్యాంకులో అవి ఉన్నాయేమో మొహమాటపడకుండా ముందే చూసుకోవాలి.

సీసాల్లో అమ్మే "ఊదారంగు పెంచే మందు" గురించి కూడా అడుగుతారు. లేబుల్ చదవండి. అందులో చాలావాటిలో ఉండేది కాల్షియం, కార్బొనేట్, మెగ్నీషియం, కాస్త స్ట్రాన్షియం. అవన్నీ మంచి ఉప్పులో ఎలాగూ ఉన్నవే, మామూలు డోసింగ్‌తో (తగ్గినవాటిని కొలిచి పోయడంతో) వచ్చేవే. బతికున్న కోరలైన్ ఉందని చెప్పే సీసాలు వేరే కోవకి చెందుతాయి, విత్తనానికి ఇంకే దారీ లేనివాళ్లకి వాటితో ప్రయోజనం ఉండొచ్చు. ఇక ఊదారంగు వేసి అమ్మే రాళ్ల గురించి నేనేమీ అనను. అది రంగు. కొన్నాళ్లకి దానిమీద గోధుమరంగు నాచు పట్టేస్తుంది, అప్పుడు అన్ని రాళ్లూ ఒక్కటే.

మొదటి మచ్చ ఎలా ఉంటుందో చెబుతాను, ఎందుకంటే చాలామంది దాన్ని చూసి కూడా గుర్తుపట్టరు. మాకు అది రాతిమీద రాలేదు. వేవ్‌మేకర్ నల్ల ప్లాస్టిక్ మీద, అద్దం వైపు తిరిగి ఉన్న నీడ భాగంలో వచ్చింది. గుండుసూది తలంత చుక్క, లేత గులాబీ. దాని పక్కన ఇంకోటి. టార్చి వేసి అడ్డంగా చూస్తే చుక్క గుండ్రంగా, బల్లపరుపుగా ఉంది, అంచు మాత్రం మధ్యభాగం కంటే తెల్లగా ఉంది. ఆ తెల్ల అంచే కొత్తగా పెరుగుతున్న భాగం. గోటితో గీకితే రాలేదు. ఈ చివరి పరీక్ష ముఖ్యం. కొత్త ట్యాంకులో ఊదా, మెరూన్ రంగుల్లో సయనోబ్యాక్టీరియా కూడా వస్తుంది, దాన్ని చూసి సంబరపడేవాళ్లు తక్కువేం కాదు. సయనో జిగటగా పొరలా ఉంటుంది, బుడగలు పట్టుకుని ఉంటుంది, నీళ్లు చిమ్మితే ఊడి లేచిపోతుంది. కోరలైన్ ఎంత చిమ్మినా కదలదు. అది గోడమీద గట్టిగా పట్టిన పెయింటు మరక లాంటిది.

రాతికంటే ముందు ప్లాస్టిక్ మీద రావడం చూసి నిరాశపడకండి. ప్లాస్టిక్ నున్నగా, శుభ్రంగా ఉంటుంది, పోటీ తక్కువ. కొత్త రాయి మీద అప్పటికే డయాటమ్స్ (గోధుమరంగు సూక్ష్మ నాచు), ఆ తర్వాత ఆకుపచ్చ వెంట్రుకల నాచు కూర్చుని ఉంటాయి. పంపు మీద వచ్చిన చుక్కల్ని తుడిచేయకండి. విత్తనాలు వదిలేది అవే.

ఇప్పుడు నీళ్లు. నేను నిలబెట్టే అంకెలు ఇవి: లవణీయత 35 పీపీటీ, అంటే రిఫ్రాక్టోమీటర్ మీద 1.026. కేహెచ్ 8. కాల్షియం 420 చుట్టుపక్కల. మెగ్నీషియం 1300 నుంచి 1350. వేడి 25, 26 డిగ్రీలు. వీటిలో గొప్ప రహస్యమేమీ లేదు, సముద్రపు నీళ్లకి దగ్గరగా ఉన్నవే. సముద్రంలో కేహెచ్ 7 చుట్టూ ఉంటుంది, మనం కాస్త ఎక్కువ పెట్టుకుంటాం, ఎప్పుడైనా మర్చిపోయినా కింద పడిపోకుండా.

అంకె ఎంతన్నదానికంటే అది ఊగకుండా ఉండటం మీదే నా పట్టుదలంతా. కోరలైన్ త్వరగా రావాలని కేహెచ్‌ని 11, 12కి ఎక్కించేవాళ్లున్నారు. అక్కడ నిలబెట్టగలిగితే పెరుగుదల కాస్త పెరుగుతుందేమో గానీ, నిలబెట్టలేరు. 12 నుంచి 8కి జారి, మళ్లీ ఒక్కసారిగా 11కి ఎక్కితే పట్టిన కోరలైన్ తెల్లగా పాలిపోతుంది. తెల్లబడ్డ మచ్చమీద కొద్దిరోజుల్లోనే ఆకుపచ్చ నాచు ఎక్కుతుంది, అక్కడితో ఆ జాగా పోయినట్టే. నీళ్లు మార్చడంలోనూ ఇదే చిక్కు ఉంది. కొన్ని ఉప్పులు కలిపితే కేహెచ్ 8 దగ్గర ఉంటుంది, కొన్ని 11 దాకా వెళ్తాయి. ట్యాంకు 8లో ఉండగా 11 నీళ్లు పెద్దమొత్తంలో పోస్తే ఎగుడుదిగుడు మనమే సృష్టించినట్టు. ఉప్పు కొనేముందు డబ్బా మీద రంగులు కాదు, దాని కేహెచ్ ఎంతో చూసుకోవాలి.

పడిపోయిన కేహెచ్‌ని తిరిగి ఇవ్వడం పెద్ద విద్యేం కాదు. 200 లీటర్ల నీళ్లలో 1 డిగ్రీ పెంచాలంటే సోడియం బైకార్బొనేట్, అదే వంటసోడా, సుమారు 6 గ్రాములు చాలు. ఆర్‌ఓ డీఐ (లవణాలన్నీ వడగట్టిన శుద్ధమైన) నీళ్లలో కరిగించి, ప్రవాహం ఉన్నచోట నిదానంగా పోయాలి. వారమంతా పడనిచ్చి ఒకేసారి పోసేకంటే రోజూ కొంచెం పోయడం మంచిది. ఆ తర్వాత నేను సున్నపు తేటకి మారాను. స్వచ్ఛమైన కాల్షియం హైడ్రాక్సైడ్‌ని ఆర్‌ఓ డీఐ నీళ్లలో కలిపి, అడుగున మడ్డి పేరుకున్నాక పైన తేరిన నీళ్లు. ట్యాంకులో ఆవిరైపోయిన నీళ్లకి బదులు దీన్నే చుక్కచుక్కగా వదిలితే కాల్షియం, కేహెచ్ రెండూ సరైన జతలో వెళ్తాయి, పీహెచ్ కూడా కాస్త లేస్తుంది. లీటరుకి 1.5 గ్రాములు కరిగిన తేట ఒక లీటరు పోస్తే 200 లీటర్ల ట్యాంకులో కేహెచ్ అర డిగ్రీకి కొంచెం ఎక్కువే పెరుగుతుంది. కాబట్టి కొత్త ట్యాంకుకి పూర్తి గాఢత అక్కర్లేదు, బాగా పలుచగా మొదలుపెట్టాలి. దాని పీహెచ్ 12 దాటి ఉంటుంది. ఒక్కసారిగా పోస్తే చేపలకి ప్రమాదం, చేతులకి గ్లవ్స్ లేకపోతే మనకీ మంచిది కాదు.

మెగ్నీషియం గురించి రెండు ముక్కలు. అది తగ్గితే కాల్షియం, కార్బొనేట్ కోరలైన్‌కి అందకముందే తమలో తాము గడ్డకట్టేస్తాయి. ఎంత పోసినా కేహెచ్ నిలవట్లేదంటే ముందు మెగ్నీషియం చూడండి. స్ట్రాన్షియం, అయొడిన్ అంటూ చెవిలో చెప్పేవాళ్లని నవ్వి వదిలేయండి. నీళ్లు మారుస్తున్నంతకాలం అవి ఉప్పులోంచే వస్తాయి.

ఫాస్ఫేట్ విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. ఎక్కువైతే సున్నం గట్టిపడటాన్నే అది అడ్డుకుంటుంది, పైగా వెంట్రుకల నాచుకి మేత. నేను 0.03 పీపీఎంకీ 0.1 పీపీఎంకీ మధ్య ఉండేలా చూసుకుంటాను. అలాగని సున్నాకి తెచ్చేయడం ఇంకో పిచ్చి. ఫాస్ఫేట్, నైట్రేట్ రెండూ సున్నా అయిన కొత్త ట్యాంకులో డైనోఫ్లాజెల్లేట్స్ అనే సూక్ష్మజీవులు దిగబడితే, ఊదారంగు మాట దేవుడెరుగు, ట్యాంకు మొత్తం గోధుమరంగు జిగురు దారాలతో నిండిపోతుంది. చేపలకి కడుపునిండా పెట్టండి, మిగిలింది స్కిమ్మర్ చూసుకుంటుంది.

గోధుమరంగు, ఆకుపచ్చ దశ రావడం మామూలే. దాన్ని చూసి రాళ్లన్నీ బయటికి తీసి బ్రష్‌తో తోమేవాళ్లుంటారు. అలా తోమితే అప్పుడే కుదురుకుంటున్న కోరలైన్ మొలకలు కూడా పోతాయి, గాలికి ఆరితే మిగిలినవీ పోతాయి. ఆ పని నత్తలకి వదిలేయండి. ట్రోకస్ నత్త రాతిమీద పాకుతూ పైనున్న పలుచని నాచుని గోకేస్తుంది, కింద కోరలైన్‌కి వెలుతురు తగులుతుంది. కోరలైన్ తనకు తానే పైపొర కణాల్ని రాల్చుకుని మీద పట్టిన నాచుని వదిలించుకుంటుంది కూడా, కానీ అది కాస్త బలపడ్డాక సంగతి. అర్చిన్ల జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి. టక్సీడో అర్చిన్ చూడటానికి ముచ్చటగా ఉంటుంది, మా ఇంట్లో పిల్లలకి అదంటే ప్రాణం. కానీ దానికి కోరలైన్ కూడా మేతే. అది నడిచిన దారంతా తెల్లటి గీతలు పడతాయి. ట్యాంకంతా ఊదాగా నిండాక తెచ్చుకుంటే ఆ గీతలు మళ్లీ పూడిపోతాయి. గుప్పెడు చుక్కలు మాత్రమే ఉన్నప్పుడు తెస్తే తుడిచిపెట్టుకుపోతుంది.

వెలుతురు, ప్రవాహం గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. నీలం వైపు మొగ్గిన మధ్యస్థ వెలుతురు చాలు. ఎల్‌ఈడీని మొదటి రోజే పూర్తిగా పెంచితే పైనున్న రాళ్లమీద కోరలైన్ పాలిపోతుంది, ఆ తీవ్రతని ఇష్టపడేది ఆకుపచ్చ నాచే. కొత్త లైటు పెట్టినా ఇదే జాగ్రత్త. ప్రవాహం రాళ్లమీద మడ్డి కూర్చోనివ్వనంత ఉండాలి. తలుపులూ కిటికీలూ మూసి ఉన్న గదిలో మన ఊపిరి కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ 8 కిందికి దిగుతుంది, కిటికీ తెరిస్తే దానంతటదే లేస్తుంది. పీహెచ్ పెంచే మందు అంటూ వేరే కొనక్కర్లేదు.

ఇదంతా కుదిరి ఊదారంగు అలుముకున్నాక మాటే మారిపోతుంది. పంపు ఇంపెల్లర్ చుట్టూ పేరుకుని శబ్దం మొదలవుతుంది, హీటర్ మీద అంకెలు కనబడవు, నీళ్లు సంప్‌లోకి దిగే ఓవర్‌ఫ్లో దువ్వెన పళ్లు మూసుకుపోతాయి. పంపుల్ని విడదీసి సిట్రిక్ ఆసిడ్ కలిపిన నీళ్లలో కాసేపు నానబెడితే బుసబుసమని బుడగలొచ్చి మెత్తబడిపోతుంది, ఆ తర్వాత మంచినీళ్లతో బాగా కడిగి పెట్టుకోవాలి. అన్ని పంపులూ ఒకేసారి కడగకండి, ఒకటి ఈసారి, ఇంకోటి తర్వాత. ముందు అద్దం మీద మాత్రం చిన్న చుక్కగా ఉన్నప్పుడే తీసేయాలి. వదిలేస్తే స్టీల్ బ్లేడు తప్ప దారి ఉండదు, అదీ మూలల్లో సిలికాన్‌కి తగలకుండా. అక్రిలిక్ ట్యాంకయితే బ్లేడు మాటే ఎత్తకూడదు, పాత ప్లాస్టిక్ కార్డు ఒకటి దగ్గర పెట్టుకోండి.

ఇంకోటి, కోరలైన్ అలా నిండుతున్నకొద్దీ వారానికి పడే కేహెచ్ కూడా పెరుగుతుంది. మాకు వారానికి అర డిగ్రీ చిల్లరగా ఉన్నది ఇప్పుడు రెండు డిగ్రీల దగ్గరికి వచ్చింది, ఇంకా పగడాలు పెట్టనే లేదు. రేపు పగడాలు పెట్టినప్పుడు వాటి వాడకం దీనికి అదనం. అందుకే డోసింగ్ పంపు ముందే బిగించి, ఆ రెండు డిగ్రీలకి సరిపడా నడిపిస్తూ, కేహెచ్ ఒకచోట నిలబడ్డాకే మొదటి పగడం కొనాలనుకుంటున్నాను.